ఇరుకులో ఇమిడ్చే లెక్క

బత్తాయిల గుట్ట, జాకెట్టు ముక్క, కాగితం రోలు... చిన్న చోటులో ఎక్కువ సర్దే విద్య 400 ఏళ్లుగా గణితవేత్తలకు కునుకు పట్టనివ్వడం లేదు. లెనిన్‌గ్రాడ్ ప్లైవుడ్ పరిశ్రమ కోసం పుట్టిన ఒక పద్ధతి ఈ తాళాలన్నిటికీ చెవి అయింది. కొన్ని తాళాలు మాత్రం ఇంకా తెరుచుకోలేదు.

80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క తెచ్చి, అందులోనే మోచేతుల దాకా చేతులు రావాలని పట్టుబట్టేవారిని చూసి విసుక్కోని టైలరు ఏ ఊళ్లోనూ ఉండడు. విసుక్కుంటూనే ముక్కను బల్ల మీద పరుస్తాడు. వీపు భాగం మడత మీద, ముందు భాగాలు రెండూ దాని పక్కన ఐమూలగా, మిగిలిన సందులో చేతులు, అంచుల్లో పట్టీలు. సుద్దతో గీసి, చెరిపి, మళ్లీ గీస్తాడు. చివరికి ఎలాగో సరిపెడతాడు. అది సరిపోయిందని మాత్రమే ఆయనకు తెలుసు. అంతకన్నా తక్కువ బట్టలో కూడా వచ్చేదా అని అడిగితే ఆయనేం చెప్పగలడు? ముక్కల సంఖ్య కాస్త పెరిగిందంటే ఆ మాట కంప్యూటర్ కూడా చెప్పలేదు.

నమ్మకం కుదరకపోతే బట్టను పక్కనపెట్టి అంతకన్నా సులువైన ప్రశ్న తీసుకోవచ్చు. ఒక్కో భుజం ఒక్క అంగుళం ఉన్న చదరపు బిళ్లలను ఒక చదరపు పెట్టెలో సర్దాలి. 4 బిళ్లలకు 2 అంగుళాల పెట్టె చాలు. 5 బిళ్లలైతే? వరసల్లో పేర్చేవారు 3 అంగుళాల పెట్టె తెమ్మంటారు. నాలుగింటిని నాలుగు మూలలకు నెట్టి, అయిదోదాన్ని మధ్యలో 45 డిగ్రీలు తిప్పి కూర్చోబెడితే 2.707 అంగుళాల్లో పని అయిపోతుంది. ఇంతకన్నా చిన్న పెట్టెలో కుదరదని నిరూపణ కూడా ఉంది. 10 బిళ్లలకు 3.707 అంగుళాలు కావాలి. అది ఇంకా తగ్గదని అమెరికా గణితవేత్త వాల్టర్ స్ట్రామ్‌క్విస్ట్ 2003లో తేల్చారు.

మరొక్క బిళ్ల కలపగానే లెక్క తిరగబడుతుంది. 11 బిళ్లలకు తెలిసిన మేలైన అమరికను 1979లో జర్మనీకి చెందిన వాల్టర్ ట్రంప్ కనిపెట్టారు. అందులో మధ్య బిళ్లలు ఒరిగి ఉంటాయి. ఆ ఒరుగు 45 డిగ్రీలు కాదు, సుమారు 40.18 డిగ్రీలు. ఈ విచిత్రమైన కోణం ఎందుకో చూసినవారికి వెంటనే తట్టదు. ఇక 17 బిళ్లల సంగతి మరీ ఘోరం. 1998లో హవాయి విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతున్న జాన్ బిడ్‌వెల్ అనే విద్యార్థి వాటిని 4.6756 అంగుళాల పెట్టెలో ఇమిడ్చాడు. ఆ బొమ్మలో బిళ్లలు మూడు రకాల కోణాల్లో ఉంటాయి. ఎక్కడా సౌష్ఠవం లేదు. పెళ్లి ప్రయాణానికి హడావుడిగా సర్దిన ట్రంకుపెట్టెలా ఉంటుంది. ప్రకృతి అందంగానే ఉండాలని నమ్మే గణితవేత్తలకు ఆ బొమ్మ ఇప్పటికీ కంటిలో నలుసే.

బిళ్లలు తక్కువైనందుకే ఈ చిక్కు అనుకుంటే అదీ పొరపాటే. లక్షా అర అంగుళం భుజం ఉన్న పెద్ద పెట్టె తీసుకుని వరసగా పేర్చుకుంటూ పోతే రెండు అంచుల వెంబడి అర అంగుళం పట్టీ మిగులుతుంది. ఆ పట్టీల్లో ఒక్క బిళ్ల కూడా పట్టదు. కానీ అక్కడ దాదాపు లక్ష బిళ్లలంత స్థలం వృథా. 1975లో పాల్ ఎర్డోష్, రొనాల్డ్ గ్రాహమ్ దీన్ని మరోలా చూశారు. వరసలను కాస్త వాలుగా పేరిస్తే వృథా పెట్టె భుజంతో సమానంగా పెరగదని, భుజం మీద 7/11 ఘాతం చొప్పునే పెరుగుతుందని చూపారు. గ్రాహమ్, ఆయన భార్య ఫ్యాన్ చుంగ్ 2019లో ఆ ఘాతాన్ని 3/5కు దించారు. తిన్నగా పేర్చడం కన్నా వంకరగా పేర్చడమే పొదుపు అన్నమాట. ఇల్లు సర్దే ఏ గృహిణీ ఒప్పుకోని సత్యం ఇది.

ప్లైవుడ్ తెచ్చిన ప్రశ్న

ఈ సమస్యలకు వినోదం స్థాయిని దాటించి ఫ్యాక్టరీ హోదా ఇచ్చినవాడు లియొనిద్ కాంటరోవిచ్. 1912లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన ఈయన 22 ఏళ్లకే ప్రొఫెసర్ అయ్యారు. 1938లో లెనిన్‌గ్రాడ్ ప్లైవుడ్ సంస్థ ప్రయోగశాల నుంచి ఒక ప్రశ్న వచ్చింది. మొద్దులను ఒలిచే యంత్రాలు రకరకాలు. ఒక్కో రకం కలపను ఒక్కో యంత్రం ఒక్కో వేగంతో ఒలుస్తుంది. ఏ కలపను ఏ యంత్రానికి ఎంత ఇస్తే ఉత్పత్తి ఎక్కువ వస్తుంది? పాఠ్యపుస్తకాల్లోని పద్ధతితో తేల్చాలంటే లెక్కలేనన్ని సమీకరణాలు విప్పాలి. కాంటరోవిచ్ కొత్త దారి వెతికారు. ప్రతి పరిమితికీ ఒక విలువ కట్టి, ఆ విలువలను సవరించుకుంటూ ఉత్తమ జవాబు దగ్గరకు చేరడం ఆ దారి. 1939లో చిన్న పుస్తకంగా అచ్చయిన ఆ పద్ధతినే తర్వాత ప్రపంచం లీనియర్ ప్రోగ్రామింగ్ అంది.

ఆ పుస్తకంలోనే రేకులు, చెక్కలు, కాగితం కోసేటప్పుడు వృథా తగ్గించడం గురించీ ఉంది. యుద్ధం ముగిశాక ఆయన మరో గణితవేత్త విక్టర్ జల్‌గాలర్‌తో కలిసి లెనిన్‌గ్రాడ్‌లోని యెగొరోవ్ రైలు పెట్టెల కర్మాగారంలో దీన్ని అమలు చేశారు. ఉక్కు రేకుల వృథా బాగా తగ్గింది. ఇక్కడే కథ అడ్డం తిరిగిందని చెబుతారు. ఫ్యాక్టరీలు తుక్కు ఇనుమును ఉక్కు కర్మాగారాలకు ఇంత అని అప్పగించాలన్నది ప్రణాళికలో ఉన్న లక్ష్యం. రేకు ఆదా అయింది కనుక తుక్కు తగ్గింది. తుక్కు తగ్గింది కనుక లక్ష్యం తప్పింది. పైగా వచ్చే ఏడు రేకు వాడకాన్ని మరింత పెంచాలని పైనుంచి ఆదేశం వస్తే, అప్పటికే నూటికి నూరు దగ్గరకు చేరిన చోట ఇంకెంత పెంచడం? లెక్క సరిగ్గా చేసినందుకు తలనొప్పి తెచ్చుకున్న యాజమాన్యం అదొక్కటే కాకపోవచ్చు.

అసలు ప్రమాదం అంతకన్నా పెద్దది. కాంటరోవిచ్ ప్రతి వనరుకూ కట్టిన విలువ చూడబోతే ధరలా ఉంది. వస్తువు విలువంతా శ్రమ నుంచే వస్తుందని పలికే సిద్ధాంతం రాజ్యమేలుతున్న కాలం అది. 1942లో రాసిన ఆర్థిక గ్రంథాన్ని ఆయన స్టాలిన్ పోయిన ఆరేళ్లకు, 1959లో గానీ అచ్చు వేయించుకోలేకపోయారు. 1975లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. సోవియట్ యూనియన్ నుంచి ఆ విభాగంలో బహుమతి పొందినవాడు ఆయన ఒక్కడే.

రోలు కోసే కిటుకు

కాగితం మిల్లుల్లో ఈ పద్ధతి రుచి తెలుస్తుంది. రాజమండ్రి అయినా, సిర్పూర్ కాగజ్‌నగర్ అయినా, సారపాక అయినా యంత్రం మీద నుంచి దిగేది వెడల్పాటి పెద్ద రోలు. కొనేవారికి కావలసినవి రకరకాల వెడల్పుల చిన్న రోళ్లు. 100 అంగుళాల రోళ్ల నుంచి 45, 31, 24 అంగుళాల రోళ్లు తలా 30 కావాలనుకుందాం. ఏ సైజుకు ఆ సైజు విడిగా కోస్తే మొదటి రకానికి 15, రెండో రకానికి 10, మూడో రకానికి 8, వెరసి 33 పెద్ద రోళ్లు ఖర్చవుతాయి. మూడింటినీ కలిపి ఒకే రోలులో కోస్తే? 45, 31, 24 కలిస్తే సరిగ్గా 100. 30 రోళ్లతో పని పూర్తి. తుక్కు సున్నా.

నిజం మిల్లులో సైజులు ఇంత కలుపుగోలుగా ఉండవు. సైజులు పదుల్లో ఉంటే కోసే పద్ధతులు లక్షలు దాటతాయి. వాటన్నిటినీ రాసుకోవడమే అసాధ్యం. 1961లో ఐబీఎం పరిశోధకులు పాల్ గిల్మోర్, రాల్ఫ్ గొమోరీ దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. అన్ని పద్ధతులూ అక్కర్లేదు, నాలుగైదింటితో మొదలుపెట్టమన్నారు. ఆ కాసిన్ని పద్ధతులతో లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్క చేస్తే ప్రతి సైజుకూ ఒక ధర బయటపడుతుంది. కాంటరోవిచ్‌ను ఇబ్బంది పెట్టిన ధరే ఇది. ఇప్పుడు ఒకే ప్రశ్న మిగులుతుంది. ఈ ధరల చొప్పున, ఒక రోలు ఖరీదు కన్నా ఎక్కువ విలువ చేసే ముక్కలను ఆ రోలులోంచే తీయగల కొత్త పద్ధతి ఉందా? ఉంటే దాన్ని చేర్చి మళ్లీ లెక్క వేయాలి. లేదంటే అక్కడితో ఆగిపోవచ్చు. ఎన్ని లక్షల పద్ధతులున్నా చివరికి అక్కరకొచ్చేవి కొన్నే.

ఈ లెక్కలను వేగంగా చేయడంలో ఒక భారతీయుడి చేయి ఉంది. జార్జ్ డాంట్‌జిగ్ 1947లో ఇచ్చిన సింప్లెక్స్ పద్ధతి బహుముఖి అంచుల వెంబడి, మూల నుంచి మూలకు నడుస్తుంది. గ్వాలియర్‌లో పుట్టి బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న నరేంద్ర కర్మార్కర్ 1984లో లోపలి నుంచే అడ్డదారిన పోవచ్చని చూపారు. గణిత పద్ధతికి పేటెంట్ ఏమిటని అప్పట్లో పెద్ద గొడవ జరిగింది. పేటెంట్ మాత్రం 1988లో వచ్చింది.

చొక్కాలో మిగిలే తుక్కు

రోలు కోయడంలో ఒక సుఖముంది. వెడల్పు ఒక్కటి చూసుకుంటే చాలు. చొక్కాకు ఆ సుఖం లేదు. కాలరు ఒక వంపు, చంక ఒక వంపు, చెయ్యి మరో వంపు. తిరుప్పూర్‌లోనో, ఢాకా చుట్టుపక్కలో, విశాఖ దగ్గర అచ్యుతాపురంలోనో దుస్తుల ఫ్యాక్టరీలో కత్తెర పడే ముందు ఒక పటం తయారవుతుంది. దాన్ని మార్కర్ అంటారు. పదుల పొరల బట్టను ఒకదాని మీద ఒకటి పరిచి, ఆ పటం ప్రకారం ఒక్కసారే కోస్తారు. అంటే పటంలో చేసిన పొరపాటు ఎన్ని పొరలుంటే అన్నిసార్లు తప్పు. దుస్తుల తయారీ ఖర్చులో పెద్ద వాటా బట్టదే. కోతలో నూటికి 10 నుంచి 20 వంతుల దాకా ముక్కలుగా రాలిపోవడం మామూలు. అందులో ఒక్క వంతు తగ్గించగలిగినా, పైసల్లో లాభాలు లెక్కపెట్టుకునే కాంట్రాక్టు ఫ్యాక్టరీకి అది చిన్న మాట కాదు.

రాలిన ముక్కలకూ ఓ లోకం ఉంది. మన ఇళ్లలో టైలరు దగ్గరి పీలికలు ఒకప్పుడు బొంతలో చేరేవి, లేదంటే మసిగుడ్డలయ్యేవి. బంగ్లాదేశ్‌లో వాటిని ఝుట్ అంటారు. ఫ్యాక్టరీల నుంచి ఝుట్ ఎవరు ఎత్తుకెళ్లాలన్న దాని మీద స్థానిక రాజకీయ ముఠాలు కొట్టుకున్న సందర్భాలు ఢాకా, గాజీపూర్ ప్రాంతాల్లో కొల్లలు. మన దేశంలో పానిపట్ పాత బట్టలు, పీలికల నుంచి నూలు తీసే కేంద్రం. గణితం దృష్టిలో వృథా అయినది బజారులో ఎవరో ఒకరికి కూడు.

వంపుల ముక్కలను సర్దడానికి కంప్యూటర్ మొదట తేల్చుకోవలసింది ఒకటే. ఈ రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా? దానికో తేలికైన ఉపాయం ఉంది. ఒక ముక్కను కదలకుండా ఉంచి, రెండోదాన్ని దాని అంచు వెంబడి రాసుకుంటూ చుట్టూ తిప్పాలి. రెండో ముక్క మీద పెట్టిన ఒక చుక్క ఈ ప్రదక్షిణలో గీసే గీతే సరిహద్దు. చుక్క ఆ గీత లోపల పడితే ముక్కలు ఢీకొన్నట్లు, గీత మీద ఉంటే అంటుకుని ఉన్నట్లు. ముందే ప్రతి జతకూ ఈ సరిహద్దు గీసి పెట్టుకుంటే తర్వాత పని చకచకా సాగుతుంది.

అసలు కష్టం వరసది. 20 ముక్కలను ఒకదాని తర్వాత ఒకటి పెట్టగల వరసలు సుమారు 24 వేల కోట్ల కోట్లు. సెకనుకు 100 కోట్ల వరసలు పరీక్షించే కంప్యూటర్ కూడా అన్నీ చూడటానికి 77 ఏళ్లు తీసుకుంటుంది. ముక్కలను తిప్పడం అందులో లేదు. ఈ జాతి సమస్యలన్నీ ఒకే కష్టాన్ని పంచుకుంటాయని 1972లో రిచర్డ్ కార్ప్ చూపారు. వాటిలో ఏ ఒక్కదానికి వేగమైన, కచ్చితమైన దారి దొరికినా అన్నింటికీ దొరికినట్లే. ఇప్పటికి దొరకలేదు. ఉంటుందని నమ్మేవారూ తక్కువే.

అందుకే ఫ్యాక్టరీలు కచ్చితత్వాన్ని వదిలి తెలివిని ఆశ్రయించాయి. అందులో మొదటిది అమ్మమ్మల కాలం నాటిదే. పెట్టె సర్దేటప్పుడు పెద్ద వస్తువులు ముందు పెట్టాలి, చిన్నవి సందుల్లో దూర్చాలి. సరుకును పెద్దవి ముందుగా, పట్టిన మొదటి లారీలోకి ఎక్కించుకుంటూ పోతే ఎంత దెబ్బతింటామో డేవిడ్ జాన్సన్ 1973లో లెక్కగట్టారు. 2007లో హంగరీ గణితవేత్త గ్యోర్గీ డోషా ఆ లెక్కను చివరి భిన్నం దాకా సరిచేశారు. సర్వోత్తమంగా సర్దితే 90 లారీలు చాలే చోట ఈ అమ్మమ్మ పద్ధతికి 110కి మించి ఎప్పటికీ అక్కర్లేదు. బరువు ఒక్కటే చూసే లెక్క ఇది. ఆకారాలు వస్తే ఇంత ధీమా లేదు.

రెండో తెలివి కమ్మరి కొలిమిది. ఎర్రగా కాల్చిన లోహాన్ని నెమ్మదిగా చల్లారిస్తే లోపలి అణువులు కుదురుకుంటాయి. గభాలున చల్లారిస్తే పెళుసుబారుతుంది. 1983లో ఐబీఎంకు చెందిన స్కాట్ కిర్క్‌పాట్రిక్ బృందం ఇదే సూత్రాన్ని లెక్కల్లోకి తెచ్చింది. ముక్కలను అటూ ఇటూ మారుస్తూ పోవాలి. మార్పు వల్ల చోటు ఆదా అయితే సరే, చోటు ఎక్కువైనా మొదట్లో అప్పుడప్పుడు ఒప్పుకోవాలి. పోనుపోను ఆ ఉదారత తగ్గించాలి. చిన్న లాభం దగ్గరే ఆగిపోకుండా, కాస్త నష్టపోయి పెద్ద లాభం వెతుక్కునే ఈ గుణం వల్లే నేటి మార్కర్ సాఫ్ట్‌వేర్లు అనుభవజ్ఞుడైన కటింగ్ మాస్టరుతో పోటీ పడగలుగుతున్నాయి. తోలు పరిశ్రమలో మాత్రం పోటీ ఇంకా కష్టం. అక్కడ ముక్కలతో పాటు తోలు కూడా ఒక్కోటి ఒక్కో ఆకారం. పైగా మచ్చలు, గాట్లు తప్పించుకోవాలి.

ఫిరంగి గుండ్ల నుంచి

ఇక బత్తాయిల దగ్గరకు. బండి మీద గుట్ట పోసే వ్యాపారి కింది వరసలోని మూడు పళ్ల మధ్య గుంటలో పైపండు పెడతాడు. అలాంటి గుట్టలో ఎన్ని గోళాలుంటాయో చెప్పే సూత్రం 499 నాటి ఆర్యభటీయంలోనే ఉంది. అంతకన్నా చిక్కగా పేర్చడం కుదురుతుందా అన్న ప్రశ్న పుట్టడానికి మరో 11 వందల ఏళ్లు పట్టింది. ఇంగ్లండ్‌కు చెందిన వాల్టర్ రాలీ ఓడల మీద ఫిరంగి గుండ్ల కుప్పల గురించి థామస్ హారియట్‌ను అడగడం, హారియట్ ఆ ఆలోచనను ఉత్తరాల్లో యొహానెస్ కెప్లర్‌తో పంచుకోవడం, కెప్లర్ 1611లో మంచు పలుకుల మీద రాసిన చిన్న పుస్తకంలో ఇంతకు మించి చిక్కదనం సాధ్యం కాదనేయడం వరసగా జరిగాయి. అంటే బత్తాయిల గుట్టలో 74.05 శాతం పండు, మిగతాది గాలి.

గోళాలను ఇష్టమొచ్చినట్లు పోసి కుదిపితే 64 శాతం దగ్గర ఆగుతుంది. కుంచంతో కొలిచే రోజుల్లో కుదిపి కొలవమనే కొనుగోలుదారుకు, కుదపకుండా కొలిచే అమ్మకందారుకు మధ్య జరిగిన తగాదాల సారమంతా ఇలాంటి తేడాలోనే ఉంది. 2004లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు బిళ్లల్లా నొక్కుకుపోయిన చాక్లెట్లను పోసి చూస్తే గోళాల కన్నా చిక్కగా కుదురుకున్నాయి. మన జెమ్స్ బిళ్లల ఆకారం ఇంచుమించు అదే.

కెప్లర్ మాట నిజమని అందరికీ తెలుసు, నిరూపణే లేదు. 1953లో హంగరీకి చెందిన లాస్లో ఫెయెష్ టోత్ దీన్ని పరిమితమైన లెక్కగా మార్చవచ్చని చెప్పారు. ఆ లెక్క చేయడానికి మనిషి ఆయువు చాలదు. 1998లో థామస్ హేల్స్, ఆయన శిష్యుడు శామ్యూల్ ఫెర్గూసన్ కంప్యూటర్‌తో దాన్ని పూర్తిచేశారు. అందులో పనికొచ్చిన ఆయుధం ప్లైవుడ్ లెక్కే. ఒక్కో రకం అమరికనూ తోసిపుచ్చడానికి సుమారు లక్ష లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్కలు చేయవలసి వచ్చింది.

తర్వాత జరిగింది గణిత చరిత్రలో ఇబ్బందికరమైన ఘట్టం. పేరున్న పత్రిక ఆనల్స్ ఆఫ్ మేథమెటిక్స్ 12 మంది పరిశీలకులను నియమించింది. నాయకుడు గాబర్ ఫెయెష్ టోత్, లాస్లో కుమారుడు. ఏళ్ల తరబడి శ్రమించి, 99 శాతం నమ్మకముందని, అన్ని లెక్కలూ సరిచూడటం తమవల్ల కాదని చేతులెత్తేశారు. వ్యాసం 2005లో అచ్చయింది. మిగిలిన ఆ ఒక్క శాతం హేల్స్‌ను నిద్రపోనివ్వలేదు. 2003లోనే ఆయన ప్రతి మెట్టునూ కంప్యూటరే తర్కంతో సరిచూసేలా నిరూపణను తిరగరాసే పని మొదలుపెట్టారు. వియత్నాం సహా పలు దేశాల వారు చేయివేశారు. 2014 ఆగస్టులో పని ముగిసింది. గుట్ట మీద బత్తాయి సరిగ్గానే ఉందని తేలడానికి నాలుగు శతాబ్దాలు పట్టింది.

దీనికి ఎదురు సమస్య కూడా ఒకటుంది. ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయినా సరే, గోళాలతో చోటంతా కప్పేయాలి. వాడకం మాత్రం కనీసం కావాలి. క్రమబద్ధంగా పేర్చే అమరికల వరకు దీనికి 1954లో జవాబు చెప్పినవారు పంజాబ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్.పి. బాంబా.

24 దిక్కుల్లో

మూడు కొలతలతో సరిపెట్టుకోవడం గణితవేత్తల స్వభావం కాదు. 8, 24 కొలతల్లో గోళాలు పేర్చడమేమిటన్న అనుమానానికి జవాబు టెలిఫోన్‌లో ఉంది. తీగ మీద పంపే సందేశం కొన్ని సంఖ్యల వరస. 24 సంఖ్యలుంటే అది 24 కొలతల చోటులో ఒక చుక్క. దారిలో గోల వల్ల చుక్క కాస్త జరుగుతుంది. ప్రతి చుక్క చుట్టూ ఒక గోళం గీసి, గోళాలు ఒకదానిపై ఒకటి పడకుండా చూస్తే చెదిరిన సందేశాన్ని సరిదిద్దుకోవచ్చు. 1979 నుంచి 1981 దాకా వాయేజర్ నౌకలు గురు, శని గ్రహాల రంగుల చిత్రాలు పంపినప్పుడు వాడిన గోలే సంకేతం 24 కొలతల గోళాల అమరికకు దగ్గరి బంధువు.

ఇక్కడ ఒక తెలుగు పేరు తారసపడుతుంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి గణాంకశాస్త్రంలో మేరునగమైన సి.ఆర్. రావు, పంటల వంటి ప్రయోగాలను కనీస సంఖ్యలో ఎలా రూపొందించాలో చూస్తూ 1947లో ఒక అసమానత ఇచ్చారు. మూడేళ్ల తర్వాత రిచర్డ్ హామింగ్ సంకేతాలకు ఇచ్చిన గోళాల హద్దు దానికి అద్దంలో ప్రతిబింబం లాంటిది. ఒకటి ఇన్నింటికి తగ్గదంటుంది, రెండోది ఇన్నింటికి మించదంటుంది. 1973లో బెల్జియంకు చెందిన ఫిలిప్ డెల్సార్ట్ ఈ రెండు హద్దులూ ఒకే లీనియర్ ప్రోగ్రామింగ్ లెక్క నుంచి వస్తాయని చూపారు.

2003లో హెన్రీ కోన్, నోమ్ ఎల్కీస్ ఆ పద్ధతిని గోళాలకు విస్తరించారు. తగిన ప్రమేయం ఒకటి దొరికితే చిక్కదనం ఫలానా హద్దు దాటదని తేలిపోతుంది. 8, 24 కొలతల్లో ఆ హద్దు, తెలిసిన అమరికల చిక్కదనం దశాంశాల దాకా కలిసిపోతున్నాయి. ఆ మాయా ప్రమేయం మాత్రం చిక్కదు. 2016 మార్చి 14న ఉక్రెయిన్‌కు చెందిన మరీనా వియజోవ్‌స్కా 8 కొలతలకు దాన్ని పట్టుకున్నారు. నిరూపణ 23 పేజీలే. హేల్స్ పడ్డ పాట్ల పక్కన పెడితే అది పోస్టుకార్డు. ఆమె వాడిన సరుకులో, రామానుజన్ 1916 నాటి వ్యాసంలో పీ, క్యూ, ఆర్ అని పిలుచుకున్న శ్రేణులు ఉన్నాయి. వారం తిరిగేసరికి కోన్, భారతీయుడైన అభినవ్ కుమార్, స్టీఫెన్ మిల్లర్, డానిలో రాద్‌చెంకోలతో కలిసి ఆమె 24 కొలతల సమస్యనూ ముగించారు. అక్కడ ఒక్కో గోళాన్ని 1,96,560 గోళాలు తాకుతుంటాయి. 2022లో వియజోవ్‌స్కాకు ఫీల్డ్స్ పతకం వచ్చింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఇవ్వవలసిన ఆ పతకాన్ని, ఉక్రెయిన్‌పై రష్యా యుద్ధం కారణంగా హెల్సింకీలో అందజేశారు. సెయింట్ పీటర్స్‌బర్గ్ కాంటరోవిచ్ పుట్టిన ఊరు.

4, 5, 6, 7 కొలతల్లో జవాబు ఇప్పటికీ లేదు.

యంత్రం వచ్చి చూసింది

2025 మేలో గూగుల్ డీప్‌మైండ్ ఆల్ఫాఎవాల్వ్ అనే కృత్రిమ మేధ వ్యవస్థ ఫలితాలు బయటపెట్టింది. ప్రోగ్రాములు రాసుకుంటూ, పనికొచ్చినవాటిని ఉంచుకుని మిగిలినవి పారేస్తూ ముందుకు సాగే వ్యవస్థ అది. 11 షడ్భుజులను ఒక పెద్ద షడ్భుజిలో సర్దడానికి అంతకు ముందు కావలసిన భుజం 3.943. యంత్రం 3.931లో సర్దింది. 12 షడ్భుజుల భుజాన్ని 4 నుంచి 3.942కు దించింది. గణితవేత్తలు కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు పెదవి విరిచారు. ఇద్దరికీ కారణముంది. మెరుగైన అమరికను చూపడం ఒక పని. ఇంతకన్నా మెరుగైనది లేదని చెప్పడం మరో పని. యంత్రం చేసింది మొదటిదే.

ఆ రెండు పనుల మధ్య ఎంత దూరముందో 11 చదరపు బిళ్లలు చెబుతాయి. ట్రంప్ అమరికను 2004లో ఫ్రాన్స్ గణితవేత్తలు తియెరీ జెన్సాన్, ఫిలిప్ రికెలింక్ కంప్యూటర్ సాయంతో కంటికి ఆననంత మేర తగ్గించారు. పెట్టె భుజం ఇప్పుడు 3.877. భుజం 3.789 కన్నా తక్కువైతే అవి పట్టవని నిరూపణ ఉంది. మధ్యలో మిగిలిన 0.088 అంగుళంలో ఏముందో ఎవరికీ తెలియదు.